లేనివాళ్ళ హాజరు

పన్నెండవ భాగం

పోయిన వారం మనం జాయ్స్‌ను ఆఫీసు లిఫ్టు ముందు వదిలేసి వచ్చాం. పైకి వెళ్ళే మీట నొక్కిందో, కిందికి వెళ్ళేది నొక్కిందో ఆమెకే తెలియని స్థితి. కథ తెలిసినవాళ్ళు ఒక్క నిమిషం ఓపిక పట్టాలి. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఏ శాఖ మీద పెట్టే ఖర్చు దండగో, ఏది పనికొస్తుందో తేల్చమని సర్కారు ఒక కమిటీ వేసింది. కమిటీకి లెక్కలు తీసి ఇచ్చే పని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక కన్సల్టెన్సీ కంపెనీకి దక్కింది. జాయ్స్ అందులోనే ఉద్యోగి. మూసేయాల్సిన వాటిలో మొట్టమొదట నిలబెట్టింది చరిత్ర శాఖను. జాయ్స్ ఎం.ఏ. చదివింది ఆ శాఖలోనే. ఆ మాట ఆమె ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. పైపెచ్చు, ఈ విశ్వవిద్యాలయంతో తనకు ఏ సంబంధమూ లేదని పని మొదలుపెట్టిన రోజే సంతకం చేసింది. లోపల ఉంటే శాఖకు ఏదో ఒక సాయం చేయకపోతానా అని ఆమె ఆశ. ఎవరూ పట్టుకోలేదా అంటే, పట్టుకోలేదు. ఎం.ఏ. తర్వాత ఆమె ఒక మేనేజ్‌మెంట్ కోర్సు చేసింది. ఆ ఐటీ కారిడార్‌లో ఎవరైనా సరే ఎదుటి మనిషి చివరి డిగ్రీ దగ్గరే ఆగిపోతారు, దాని వెనక ఏముందో చూసే తీరిక ఎవరికీ లేదు.

అంతా సవ్యంగానే పోయేది. కానీ ఆమె పైఅధికారి శ్యామ్ ఒక తేడా పట్టుకున్నాడు. చరిత్ర శాఖ పంపిన హాజరు ప్రకారం పిల్లలంతా దాదాపు రోజూ క్లాసులో ఉన్నారు. కొత్తగా పెట్టిన వేలిముద్ర మిషను ప్రకారం సగం మంది లేరు. "జాయ్స్, దిస్ ఈజ్ గోల్డ్!" అన్నాడు శ్యామ్. శాఖాధిపతి రాజరాజేశ్వరి మేడమ్‌ను కమిటీ ముందుకు పిలిపించారు. విచారణ ఇవాళ మధ్యాహ్నం.

అదీ సంగతి. జాయ్స్ నొక్కింది కిందికి వెళ్ళే మీటే.

*

ఖాజాగూడ చెరువు వైపు, ఆఫీసు వాళ్ళెవరూ రారని నమ్మకమున్న ఒక ఇరానీ చాయ్ దుకాణంలో జాయ్స్ రమ్మన్న మాట మీద మేడమ్ ముందే వచ్చి కూర్చుని ఉంది. గోపన్‌పల్లి దగ్గర బస్సెక్కి, మధ్యలో దిగి, షేర్ ఆటోలో మోకాళ్ళు ముడుచుకుని వచ్చింది. గంజి పెట్టిన నేత చీర, భుజాన పాత గుడ్డ సంచి. విచారణకు వచ్చిన మనిషిలా లేదు. పెళ్ళివారింటికి కాస్త ముందుగా వచ్చిన పెద్దావిడలా ఉంది.

"ఏవమ్మా, ముఖం అలా పీక్కుపోయిందేం? ఏమైనా తిన్నావా?"

"తినుడు తర్వాత మేడమ్. టైమ్ లేదు. నేను చెప్పేది జర వినండి." జాయ్స్ కుర్చీ అంచున కూర్చుంది. "వేలిముద్ర మిషన్ సరిగ్గ పనిచేస్తలేదని చెప్పండి. అన్ని కాలేజీలోళ్ళు అదే చెప్తున్నరు. నేను స్లైడ్ల కింద ఒక నోట్ పెడ్త. మిషన్ మీద డౌట్ ఉన్నది, మళ్ళ ఒకసారి చూడాల్నని. ఒక్క ఆర్నెల్లు ఆగితది. ఆర్నెల్లల్ల ఏమన్న కావచ్చు."

మేడమ్ చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంది.

"మిషను బాగానే పనిచేస్తోంది కదే."

"మేడమ్!"

"బాగానే పనిచేస్తున్నదాన్ని పాడైపోయిందని ఎలా చెప్పమంటావ్? నిజంగానే సగం మంది రారు. వాళ్ళకు హాజరు వేసింది నేను. చేత్తో వేశాను, తెలిసే వేశాను."

జాయ్స్‌కు ఈ మాట మేడమ్ నోట వస్తుందని తెలుసు. తెలిసిన మాటయినా చెవిన పడితే వేరే. ఆమెకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మునిగిపోతున్నవాళ్ళకు చెయ్యి అందిస్తుంటే, నీళ్ళు చల్లగా ఉన్నాయని చెప్పినట్టుంది ఈవిడ వరస.

"నాకు వేసిన్రు. అది నాకు తెల్సు," అంది గొంతు తగ్గించి. "అమ్మకు దవాఖానల నౌకరి పోయిన ఏడు. రాత్రంత మాదాపూర్ల కాల్ సెంటర్, పొద్దున హాస్టల్‌కొచ్చి పడుకునేదాన్ని. హాజరు లేకుంటే రూము పోతది, రూము పోతే నేను పోత. మీరు దయతల్చి వేసిన్రు. ఆ ఒక్క తప్పు నేను ఈ జన్మల మర్చిపోను. కాని ఇప్పుడు గిదేంది మేడమ్? సగం క్లాసుకు?"

మేడమ్ నవ్వింది. ఆ నవ్వు జాయ్స్‌కు నచ్చలేదు.

"నీ ఒక్కదానికే వేశాననుకున్నావా?"

నిజంగానే అనుకుంది. ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉంది. చర్చిలో కళ్ళు మూసుకున్నప్పుడల్లా తన కోసం ఒక మంచి మనిషి ఒక తప్పు చేసిందని, ఆ తప్పుకు తగినట్టు బతకాలని ప్రార్థించేది. ఆ తప్పు తనకోసమే ప్రత్యేకంగా చేసింది కాదని తెలిసేసరికి, సిగ్గుగా ఉన్నా చెప్పాలి, ఆమెకు కాస్త చిన్నతనం అనిపించింది.

"హాస్టల్ గది కోసమే మా శాఖలో చేరతారమ్మా సగం మంది," అంది మేడమ్, కూరగాయల సంగతి చెప్పినంత మామూలుగా. "ఎం.ఏ. చరిత్ర అంటే సీటు తేలిగ్గా వస్తుంది, సీటొస్తే గది వస్తుంది, మెస్సులో అన్నం వస్తుంది, లైబ్రరీలో కుర్చీ వస్తుంది. అక్కడ కూర్చుని గ్రూప్స్‌కు చదువుకుంటారు. లేకపోతే నీలా రాత్రి ఉద్యోగం. బయట కిరాయి కట్టి చదువుకునే స్తోమత ఉన్నవాడు నా దగ్గరికెందుకొస్తాడు? వచ్చిన మొదటి ఏడాది నేనూ కోప్పడి హాజరు తీసేశాను. ఒక పిల్ల ఊరికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత నుంచి తీయలేదు."

"మరి ఆదివారం క్లాసులు..."

"అదే కదా మరి. పగలు రాలేనివాళ్ళు ఆదివారం మా ఇంటికి రావాలని నియమం పెట్టుకున్నాను. నీ చర్చి అయ్యేదాకా ఆగాలని మధ్యాహ్నానికి మార్చాను. మధ్యాహ్నం నిద్ర చెడగొట్టావని మిగతావాళ్ళు నిన్ను ఎంత తిట్టుకున్నారో నీకు తెలీదు."

జాయ్స్‌కు ఒక్కసారిగా ఊపిరాడింది. లింగంపల్లి ఇంట్లో చాప మీద కూర్చుని, నిజాం కాలం నాటి పన్నుల గురించి అన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్న ఆదివారాలు గుర్తొచ్చాయి. ఒకరు చెప్పిన మాటను ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు, చెబితే వాళ్ళకేం లాభం అని అడగడం ఆమె అక్కడే నేర్చుకుంది. ఇవాళ కంపెనీ ఆమెకు జీతమిస్తున్నది ఆ అలవాటుకే.

"అది చెప్పండి మేడమ్! క్లాసు జరిగింది, కాకపోతే ఆదివారం జరిగింది. గంతే! అది చెప్తే చాలు!"

"చెబుతాను. వాళ్ళు అందరూ వచ్చారా అని అడుగుతారు. రాలేదు. కొంతమంది ఆదివారం కూడా ముఖం చూపించలేదు. వాళ్ళకూ వేశాను. అదీ చెబుతాను." మేడమ్ సాసర్ కింద పెట్టి లేచింది. "నేను చేసిన అబద్ధం ఒకటుంది. దాన్ని కప్పడానికి ఇంకోటి చెప్పే వయసు కాదు నాది. నువ్వు అక్కడ నన్నెరగనట్టు కూర్చో. కంగారుపడి లేచి నిలబడకు. నీకా అలవాటుంది."

*

ఆఫీసు పన్నెండో అంతస్తులో, గాజుగోడల గదిలో బల్లకు ఆ చివర కమిటీ అధ్యక్షుడు రామ్మోహనరావుగారు. కలెక్టరుగా జిల్లాలేలి రిటైరైన మనిషి, కోస్తా వైపు వారు. మాట మెత్తన. ఎదుటివాడు తల దించుకునేలా చెబుతారే గాని గొంతు పెంచరు. అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. ఈ చివర ఒంటరి కుర్చీలో రాజరాజేశ్వరి మేడమ్. గోడ పక్కన లాప్‌టాప్ ముందు జాయ్స్. లోపలికి వచ్చేముందు తల్లి దీనమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, నీ కోసం ప్రార్థన చేసిన. ఫికర్ చెయ్యకు," అంది. దేనికి ప్రార్థన చేయాలో జాయ్స్ తల్లికి చెప్పలేదు. తనకే తెలిస్తే కదా.

శ్యామ్ మొదలుపెట్టాడు. బొమ్మ మీద బొమ్మ వచ్చి పోతోంది. ఒక్కో విద్యార్థి మీద సర్కారు పెడుతున్న ఖర్చు ఒక ఎర్ర స్తంభం. చదువయ్యాక వాళ్ళకు వచ్చిన ఉద్యోగాలు ఒక నీలం స్తంభం. చరిత్ర శాఖకు ఎర్రది తాటిచెట్టంత, నీలంది గడ్డిపరకంత. "జాయ్స్, నెక్స్ట్," అంటున్నాడు ప్రతిసారీ. ప్రతిసారీ ఆమె వేలు కదులుతోంది. ఆ స్తంభాలు గీసింది ఆమే. ఉద్యోగాన్ని చివరి డిగ్రీ ఇచ్చిన చోటుకే జమ చేయాలని శ్యామ్ చెబితే, సరేనని చేసింది. చరిత్ర చదివి బీఈడీ చేసి టీచరైనవాడు బీఈడీ కాలేజీ ఖాతాలోకి పోయాడు. లా చేసినవాడు లా కాలేజీ ఖాతాలోకి. జాయ్స్ కూడా మేనేజ్‌మెంట్ కాలేజీ ఖాతాలో నీలంగా మెరుస్తోంది. తన వేలితో తన కన్నే పొడుచుకున్నానని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికి అంతా అచ్చయిపోయింది.

"జాయ్స్, నెక్స్ట్."

తెర మీద పెద్ద అక్షరాలు: దొంగ హాజరు.

రామ్మోహనరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, దీనికి మీరేమంటారండి?"

"నిజమేనండి," అంది మేడమ్.

శ్యామ్ కూడా ఇంత తేలిగ్గా పని అయిపోతుందనుకోలేదు, పాపం. వాదించడానికి తెచ్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

మేడమ్ చాయ్ దుకాణంలో చెప్పినట్టే చెప్పింది. గది కోసం వచ్చే పిల్లలు, ఆదివారం పాఠాలు, ఆదివారం కూడా రానివాళ్ళు, వాళ్ళకూ వేసిన హాజరు. ఏదీ దాచలేదు, ఏదీ పెంచలేదు. జాయ్స్ తల వంచుకుని వింటోంది. మధ్యలో ఎక్కడన్నా ఒక్క మాట మింగేయమని లోలోపల బతిమాలుకుంటోంది. మేడమ్ మింగలేదు.

"అంటే సర్కారు సొమ్ముతో మీరు ఉచిత సత్రం నడిపారన్నమాట," అన్నాడు ఒక సభ్యుడు.

"సత్రమే అనుకోండి. పైగా పాఠం కూడా చెప్పాను," అంది మేడమ్. "మీరు లెక్కేసుకోవాల్సిందే అయితే అదీ వేసుకోండి. పేదవాడి పిల్ల నగరంలో రెండేళ్ళు భయం లేకుండా పడుకుని, తిని, చదువుకునే చోటు ఇంకోటి చూపించండి. అది విశ్వవిద్యాలయం చేసే పని కాదంటే, ఎవరు చేస్తారో చెప్పండి. అక్కడికి పంపిస్తాను."

రామ్మోహనరావుగారు ముందున్న కాగితాలు పక్కకు జరిపారు.

"ఇన్ని శాఖల వాళ్ళు వచ్చారమ్మా ఈ గదికి. మిషను పాడైందన్నవాళ్ళు, కరెంటు పోయిందన్నవాళ్ళు. అడిగినదానికి నిజం చెప్పిన మనిషిని మిమ్మల్నే చూశాను. దొంగ హాజరంటే కేసు పెట్టమని రాయాలి నేను. మీ మాట మీద నమ్మకంతో అది రాయను. మీ పెన్షన్ జోలికి ఎవరూ రారు. ఆ పూచీ నాది." ఆగారు. "శాఖ సంగతి మాత్రం వేరండి. మూసేయమనే రాయాలి. ఒక్క దారి ఉంది. మీరు హాజరు వేసినవాళ్ళలో, ఇవాళ జనానికి పనికొచ్చే స్థితిలో ఉన్న ఒక్కరి పేరు చెప్పండి. ఒక్కటి చాలు. పిలిపించి మాట్లాడతాను. ఈ స్తంభాలు తప్పని నాకనిపిస్తే, నేనే ఆపుతాను."

జాయ్స్ చప్పున తలెత్తింది. దారి దొరికింది! మేడమ్ దగ్గర ఎంతమంది లేరు! తహసీల్దారైన బుల్లిబాబు ఉన్నాడు. సబ్ ఇన్‌స్పెక్టర్ నాగేశ్వరి ఉంది. ఏటా మేడమ్‌కు ఫోన్ చేసేవాళ్ళు ఎందరో.

"చెప్పలేనండి," అంది మేడమ్.

"ఒక్కరు కూడా లేరా?"

"ఉన్నారండి. పేరు చెబితే వాళ్ళ పట్టా చెల్లదంటారు. పట్టా పోతే ఉద్యోగం పోతుంది. నేను వేసిన హాజరుకు వాళ్ళను శిక్షించనివ్వను."

"నేను మాటిస్తున్నాను కదా."

"మీరు మంచివారండి. మీ తర్వాత వచ్చేవారు ఎవరో నాకు తెలీదు."

రామ్మోహనరావుగారు నిట్టూర్చారు. ఆయన ముఖంలో నిజంగానే బాధ ఉంది. అందుకే జాయ్స్‌కు మరీ భయం వేసింది. కసాయితనంతో మూసేవాణ్ణి తిట్టుకోవచ్చు, బాధపడుతూ మూసేవాణ్ణి ఏమీ అనలేం.

"సరే. అమ్మాయ్, రాసుకో. ప్రజలకు కలిగిన ప్రయోజనం, శాఖ చూపించినది: సున్నా. ఈ విద్యా సంవత్సరం మధ్యలోనే హాస్టల్ గదులు వెనక్కి తీసుకోవాలి."

జాయ్స్ చేతులు మీటల మీద ఉన్నాయి. సున్నా అంటే ఒక్క నొక్కు. ఆ ఒక్క నొక్కుతో ఆ హాస్టల్ మూడో అంతస్తులో, తను పగలు దుప్పటి ముసుగేసుకుని పడుకున్న గదిలో, ఇప్పుడు పడుకుని ఉన్న పిల్ల పెట్టె సర్దుకోవాలి. ఆ పిల్ల ఎవరో తెలియదు. ఏ రాత్రి పని చేసి వచ్చిందో తెలియదు. ఎక్కడికి పోతుందో మాత్రం తెలుసు. మేడమ్ చెప్పిన ఆ మొదటి పిల్ల పోయినచోటికే.

"జాయ్స్, టైప్ ఇట్ యార్," గొణిగాడు శ్యామ్.

ఆమె లేచి నిలబడింది. ఉద్యోగం పోతుంది, పట్టా పోతుంది, సంతకం పెట్టి అబద్ధమాడినందుకు కంపెనీ కేసు పెట్టినా పెడుతుంది. పోనీ. ఒక్క పేరు అడిగారు. ఆ పేరు ఈ గదిలోనే ఉంది.

"సర్, ఆ ఒక్క పేరు..."

"జాయ్స్, కూర్చో!"

క్లాసులో వెనక బెంచీ దాకా వినిపించే గొంతు అది. గాజుగోడ అవతల పనిచేసుకుంటున్నవాళ్ళు కూడా తలతిప్పి చూశారు. మేడమ్ చెయ్యి గాలిలో ఉంది. అప్పుడు తెలిసినట్టుంది ఆవిడకు, తను ఏం చేసిందో. చెయ్యి మెల్లిగా దించి ఒళ్ళో పెట్టుకుంది.

రామ్మోహనరావుగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ఒకసారి మేడమ్ వైపు, ఒకసారి జాయ్స్ వైపు చూశారు.

"ఈ అమ్మాయి మీకు ముందే తెలుసాండీ?"

"తెలీదండి," అంది మేడమ్.

"పేరు పెట్టి పిలిచారు."

"ఇందాకటి నుంచి ఆయన పిలుస్తూనే ఉన్నారు కదండీ, విన్నాను. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన నోరు, ఎవరినైనా అలాగే అదిలిస్తుంది. ఏమనుకోకండి."

"మీ విద్యార్థి కాదా?"

"కాదు."

ఒక్క తడబాటు లేదు ఆ గొంతులో. తన కోసం, తన పెన్షన్ కోసం, తన శాఖ కోసం చెప్పని అబద్ధం ఆవిడ జాయ్స్ కోసం చెప్పేసింది. అందరి ముందు, రెప్ప వేయకుండా. జాయ్స్ ఊరుకుంటే సున్నా తన చేత్తోనే కొట్టాలి, శాఖ పోతుంది, ఆ పిల్లలు వీధిన పడతారు. నోరు విప్పి నేను ఆవిడ విద్యార్థినినే అంటే, ఈ గదిలో నిజం చెప్పిన ఒకే ఒక్క మనిషి అబద్ధాలకోరు అయిపోతుంది. కేసు పెట్టకుండా ఆపుతున్నది ఆ నమ్మకం ఒక్కటే.

శ్యామ్ ఆమెను వింతగా చూస్తున్నాడు. ఏదో లెక్క అతనికి తేలడం మొదలైంది.

"అమ్మా జాయ్స్," అన్నారు రామ్మోహనరావుగారు, అదే మెత్తని గొంతుతో, "మేడమ్‌గారు నిన్ను ఎరగనంటున్నారు. వారి మాట మీద నాకు గురి ఉంది, అయినా నిన్నూ అడగాలి. నువ్వు ఆవిడ్ని ఎరుగుదువా?"

మేడమ్ తలెత్తి ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది. వద్దు అంటున్నాయి ఆ కళ్ళు.

జాయ్స్ నోరు తెరిచింది.